పోత బుల్లెట్లకు ఏ పూత తగినది: గ్రీజు, ఆలాక్స్, హై-టెక్, పౌడర్ కోటింగ్

సీసం కరిగించి సొంతంగా బుల్లెట్లు పోసుకునే ప్రతి ఒక్కరికీ, అచ్చు తెరిచి తొలి బుల్లెట్‌ను మడతపెట్టిన తువ్వాలు మీదికి రాల్చుకున్న రోజునే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మెత్తని సీసం ఉక్కు బ్యారెల్‌లో సెకనుకు వెయ్యి అడుగుల వేగంతో దూసుకుపోయేటప్పుడు లోపలి గాడులకు అంటుకొని పేరుకోకుండా ఉండాలంటే దానిపై ఏదో ఒక పూత ఉండాలి. ఆ పూత ఏదన్నదే ప్రశ్న. చాలాకాలం పాటు దీనికి గ్రీజు ఒక్కటే సమాధానంగా ఉండేది. ఇప్పుడు నాలుగు దారులున్నాయి: బుల్లెట్ గాడిలో నింపే మైనపు గ్రీజు, ఒంటినిండా పలుచగా పట్టించే ద్రవ ఆలాక్స్ (ఒక పెట్రోలియం కందెన), ఆస్ట్రేలియాలో పుట్టిన హై-టెక్ పూత, ఇనుప గేట్లకూ సైకిల్ ఫ్రేములకూ వేసే పౌడర్ కోటింగ్. హ్యూస్టన్ శివార్లలోని మా గరాజులో నేను ఈ నాలుగింటినీ వాడి చూశాను. వీటిలో ఏదీ అన్ని తుపాకులకూ సరిపోదు, కానీ పిస్టల్, రివాల్వర్ కాల్చేవారిలో ఎక్కువమందికి పౌడర్ కోటింగే మేలైనదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఆ అభిప్రాయం ఎక్కడ వర్తించదో కూడా చెబుతాను.

మాటల విషయంలో ముందే ఒక స్పష్టత అవసరం. తూటా అంటే ఇత్తడి కేసు, మందుకు నిప్పంటించే ప్రైమర్, మందు, బుల్లెట్ అన్నీ కలిసినది; బుల్లెట్ అంటే అందులో నుంచి ఎగిరి వెళ్లే సీసపు ముక్క మాత్రమే. ఈ వ్యాసంలో మందు అన్నచోట పేలి నెట్టేదాన్ని, పొడి అన్నచోట పూతకు వాడే రంగు పొడిని అర్థం చేసుకోవాలి. ఇంగ్లిషులో రెండింటికీ ఒకే మాట వాడటం వల్ల కొత్తవారు తికమకపడటం నేను చూశాను.

ఇక చట్టం. ఇది అమెరికాలో, చట్టబద్ధంగా తుపాకి ఉన్నవారు సొంత వాడకానికి చేసుకునే పని. సొంతానికి బుల్లెట్లు పోసుకోవడానికీ తూటాలు నింపుకోవడానికీ ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. వ్యాపారంగా అమ్మాలంటే మాత్రం తయారీదారు లైసెన్సు ఉండాలి. మన తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై వచ్చినవారు తుపాకిని గానీ మందుగుండును గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది; చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఆ చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో పూర్తి తూటాయే కాకుండా ఖాళీ కేసు, ప్రైమర్, మందు, విడి బుల్లెట్ కూడా చేరుతాయి. అంటే స్నేహితుడి గరాజులో సరదాగా పోసి ఇంటికి తెచ్చుకున్న డబ్బాడు బుల్లెట్లు వీసాదారుకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టగలవు. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు, కానీ రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం కాబట్టి, ఇక్కడ చెప్పేదేదీ అక్కడ ఇంట్లో ప్రయత్నించవలసినది కాదు.

పూతల సంగతికి వచ్చే ముందు కొలత గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే పూత మీద పడే నిందల్లో సగానికి పైగా నిజానికి కొలతకు చెందినవి. బుల్లెట్ వ్యాసం బ్యారెల్ లోపలి గాడుల వ్యాసం కంటే కొద్దిగా, సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతు, ఎక్కువ ఉండాలి. తక్కువైతే కాలుతున్న మందు నుంచి వచ్చే వేడి వాయువు పక్కల సందుల్లోంచి ముందుకు చొచ్చుకుపోయి సీసాన్ని కరిగించి, కరిగినదాన్ని గోడలకు పులిమేస్తుంది. 9 మి.మీ. పిస్టల్‌కు 0.356 అంగుళం, .38 స్పెషల్, .357 మాగ్నమ్ రివాల్వర్లకు 0.358, .45 ఏసీపీకి 0.452 అంగుళం చాలామంది మొదలుపెట్టే కొలతలు. అయితే ఒక్కో బ్యారెల్ ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి మెత్తని సీసపు ముక్కను బ్యారెల్ గుండా నెట్టి, దాన్ని మైక్రోమీటరుతో కొలుచుకోవడమే సరైన పద్ధతి. కొలత తప్పిన బుల్లెట్‌ను ఏ పూతా కాపాడదు.

మొదటి దారి గ్రీజు. తేనెమైనం, ఆలాక్స్ సమపాళ్లలో కలిపిన, అమెరికా జాతీయ రైఫిల్ సంఘం (ఎన్‌ఆర్‌ఏ) పేరున్న మిశ్రమం దశాబ్దాలుగా ప్రసిద్ధం. ఇళ్లలో తేనెమైనానికి పశువుల కొవ్వు చేర్చి వండుకునే మిశ్రమాలు లెక్కలేనన్ని. దీన్ని బుల్లెట్ గాడిలోకి ఎక్కించడానికి లైమన్ వంటివారు తయారు చేసిన ప్రెస్ ఉంటుంది. అది ఒకే పట్టులో బుల్లెట్‌ను కొలతకు తెచ్చి గాడిని గ్రీజుతో నింపుతుంది. పద్ధతి పాతదే అయినా నమ్మకమైనది, గంటకు వందల బుల్లెట్లు సిద్ధమవుతాయి, పొయ్యి అక్కరలేదు. ఇబ్బందులు కూడా అందరికీ తెలిసినవే. కాల్చినప్పుడు పొగ ఎక్కువగా వస్తుంది, గాలి సరిగా ఆడని ఇండోర్ రేంజిలో పక్కవారికి కూడా అది బాధాకరం. తూటా నింపే డైలో (ప్రెస్‌కు బిగించే ఉక్కు అచ్చులో) గ్రీజు పేరుకొని బుల్లెట్ కూర్చునే లోతు మెల్లమెల్లగా మారిపోతుంది. టెక్సస్ వేసవిలో కారు డిక్కీలో పెట్టిన గ్రీజు బుల్లెట్ల పెట్టెను సాయంత్రానికి తెరిచి చూస్తే మైనం కరిగి అడుగున మడుగు కట్టి ఉండటం నా కళ్లారా చూసినదే.

రెండవది ద్రవ ఆలాక్స్. లీ సంస్థ సీసాలో అమ్మే ఈ ముదురు గోధుమరంగు ద్రవాన్ని కొద్దిగా వేసి బుల్లెట్లను గిన్నెలో దొర్లించి, మైనపు కాగితం మీద ఒక రాత్రి ఆరబెడితే పని ముగుస్తుంది. నాలుగింటిలో ఖర్చు, శ్రమ తక్కువైనది ఇదే. వంద బుల్లెట్లు పోసి తమ రివాల్వర్‌కు ఈ పని నప్పుతుందో లేదో తేల్చుకోవాలనుకునే కొత్తవారు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. జిగట పూర్తిగా పోదు, వేగం పెరిగేకొద్దీ దీని బలం చాలదు. మృదువైన .38 స్పెషల్ తూటాలకు ఇది చక్కగా సరిపోతుంది.

హై-టెక్ గురించి మన దగ్గర తక్కువగా వింటాం గానీ, పూత వేసిన బుల్లెట్లు అమ్మే వ్యాపారులు దీన్ని విస్తృతంగా వాడుతున్నారు. రంగు పదార్థాన్ని అసిటోన్‌లో కలిపి, బుల్లెట్లపై పోసి దొర్లించి, అసిటోన్ ఆరిపోయాక సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద పది పన్నెండు నిమిషాలు కాల్చాలి. అలా పలుచని పొరలు రెండు మూడు వేయాలి. పూత చాలా పలుచగా ఉండటం వల్ల కొలత పెద్దగా మారదు, బుల్లెట్లను ఒక్కొక్కటిగా నిలబెట్టకుండా జాలీలో కుప్పగా పోసి కాల్చవచ్చు, గాలిలో తేమ వల్ల ఇబ్బంది తక్కువ. అయితే మొదటి పొర మందంగా పడినా, ఆరకముందే పొయ్యిలో పెట్టినా అది పెచ్చులుగా ఊడిపోతుంది. అసిటోన్ ఆవిరి సులభంగా అంటుకునే స్వభావం కలది. గరాజు తలుపు పూర్తిగా ఎత్తి, నిప్పు ఏదీ దరిదాపుల్లో లేకుండా చూసుకోలేనివారు దీని జోలికి పోకూడదని గట్టిగా చెబుతాను. నెలకు రెండు వేలకు మించి 9 మి.మీ. కాల్చేవారికి మాత్రం ఇది పౌడర్ కోటింగ్ కంటే తొందరగా సాగుతుంది.

ఇక పౌడర్ కోటింగ్. స్ప్రే గన్‌తో పొడికి విద్యుదావేశం ఇచ్చి చిమ్మడం పరిశ్రమ పద్ధతి. అది అందంగా వస్తుంది కానీ నిలబెట్టడానికి పళ్లెం, విద్యుత్ తీగ, ఎగిరిపోయే పొడి, ఇవన్నీ చిన్న బుల్లెట్లకు అదనపు భారమే. ఇంట్లో చేసేవారు ఎక్కువగా అనుసరించేది డబ్బాలో వేసి ఊపే పద్ధతి. అడుగున త్రికోణంలో 5 అంకె ముద్రించి ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా తీసుకుని, అందులో నల్లని ఎయిర్‌సాఫ్ట్ ప్లాస్టిక్ గోళీలు రెండు గుప్పెళ్లు, వంద బుల్లెట్లు, ఒకటి రెండు చెంచాల పాలిస్టర్ పొడి వేసి మూత బిగించి నిమిషం పాటు గుండ్రంగా తిప్పుతూ ఊపాలి. గోళీలూ డబ్బా గోడలూ రాసుకోవడం వల్ల పుట్టే స్థిర విద్యుత్తు పొడిని సీసానికి అతికిస్తుంది. మూత తీసి చూస్తే అరిసెకు నువ్వులు పట్టినట్లు కాకుండా, సున్నిపిండి పట్టించినట్లు నున్నగా, ఎక్కడా సీసం కనబడకుండా పట్టి ఉండాలి. ఒక్కొక్కదాన్ని పట్టకారుతో తీసి, పట్టకారును డబ్బా అంచుకు ఒకసారి తట్టి, అదనపు పొడి రాలిపోయాక అంటుకోని అల్యూమినియం రేకు మీద నిలబెట్టాలి. బుల్లెట్లపై నూనె, మైనం, చేతి జిడ్డు ఉండకూడదు. మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ఆయన గిన్నెను మెరిసేదాకా తోమనిదే తగరం ముట్టించేవాడు కాదు. ఆ నియమమే ఇక్కడా.

హ్యూస్టన్ గాలి ఈ పనికి అనుకూలం కాదు. జూలైలో ఉక్కపోసే మధ్యాహ్నం ఊపితే స్థిర విద్యుత్తు నిలవదు, పొడి మచ్చలు మచ్చలుగా పట్టి బుల్లెట్ అడుగు దగ్గర సీసం బయటపడుతుంది. ఉత్తరపు చలిగాలి వీచి గాలి పొడిబారిన జనవరి రోజున అదే డబ్బా, అదే పొడి అద్భుతంగా పనిచేస్తాయి. అందుకే పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచుతాను, ఏడాదికి సరిపడా బుల్లెట్లకు పూత పని చలికాలంలోనే ముగించుకుంటాను. అరిజోనాలో ఉన్నవారికి ఈ అవస్థ ఉండదు. రంగులు కూడా ఒకేలా పట్టవు; నా డబ్బాలో ఎరుపు, ఆకుపచ్చ తేలికగా పట్టాయి, తెలుపు ఎన్నిసార్లు ఊపినా పలుచగానే మిగిలింది.

కాల్చడం 204 డిగ్రీల సెల్సియస్ వద్ద, బుల్లెట్లు ఆ వేడికి చేరాక ఇరవై నిమిషాలు. ఇక్కడే నేను నష్టపోయాను. సీసం కరిగేది 327 డిగ్రీల వద్ద కదా, ఇంకా వంద డిగ్రీల పైచిలుకు తేడా ఉందన్న ధీమాతో, పాత సామాన్ల అమ్మకంలో కొన్న చిన్న టోస్టర్ ఓవెన్ మీటనే నమ్మాను. పది నిమిషాలకు అద్దంలోంచి చూస్తే వెనుక వరుసలో ఎర్రని బుల్లెట్లు మంచుముద్దల్లా కుంగిపోయి, రేకు మీద వెండిరంగు చారలు పారుతున్నాయి. స్వచ్ఛమైన సీసం 327 వద్ద కరుగుతుందన్నది నిజమే, కానీ మనం వాడేది ఆంటిమనీ, తగరం కలిసిన మిశ్రమం. అలాంటి మిశ్రమం 240 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెట్టవచ్చు. చవక ఓవెన్లలో వేడి చేసే కడ్డీకి దగ్గరగా ఉన్న చోట చూపించిన దానికంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అప్పటినుంచి పళ్లెం మీద బుల్లెట్ల మధ్యనే విడి థర్మామీటరు పెడుతున్నాను, ఓవెన్‌ను ముందే ఇరవై నిమిషాలు వేడెక్కిస్తున్నాను. ఆ ఓవెన్‌లో మళ్లీ జీవితంలో ఎప్పుడూ తినేది ఏదీ వండకూడదు; దాన్ని ఇంట్లోకి కూడా తేకూడదు.

పూత సరిగా ఉడికిందో లేదో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. ఒక బుల్లెట్‌ను ఇనుప దిమ్మపై అడ్డంగా పెట్టి సుత్తితో సగం మందానికి నలగ్గొట్టాలి. సీసం చదునైనా పూత సాగి దానితోపాటే పరుచుకోవాలి, పెచ్చు లేవకూడదు. మరొకదాన్ని అసిటోన్‌లో తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దాలి. రంగు ధారాళంగా దిగితే వేడి చాలలేదని అర్థం, మళ్లీ పొయ్యిలో పెట్టాలి. ఈ రెండూ నెగ్గిన తరువాతే బుల్లెట్‌ను సరైన కొలతకు తెచ్చే సైజింగ్ డై గుండా నెట్టాలి, ఎందుకంటే పూత వ్యాసాన్ని అంగుళంలో ఒకటి నుంచి మూడు వెయ్యో వంతుల దాకా పెంచుతుంది. పెరిగేది నడుము ఒక్కటే కాదు, ముక్కు కూడా లావెక్కుతుంది. గ్రీజుతో చక్కగా ఇమిడిన బుల్లెట్ పౌడర్ కోటింగ్ తరువాత 9 మి.మీ. చాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలో) ముందే తట్టుకోవచ్చు. పిస్టల్ నుంచి బ్యారెల్ విడదీసి, తూటాను అందులోకి వదిలి, అది టక్కున కూర్చుని తిరగేస్తే తనంతట రాలుతోందో లేదో చూడాలి. కూర్చోకపోతే బుల్లెట్‌ను ఇంకా లోపలికి దించాలనిపిస్తుంది గానీ, 9 మి.మీ. వంటి చిన్న కేసులో కొద్దిపాటి లోతు కూడా పీడనాన్ని బాగా పెంచుతుంది. పూత మారితే తూటాను కొత్తదిగానే భావించి, ప్రచురితమైన లోడింగ్ మాన్యువల్‌లోని మందు ప్రారంభ పరిమాణం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంత శ్రమకు దక్కేదేమిటంటే, మొదటిది శుభ్రత. పొగ దాదాపు లేదు, డైలు జిడ్డెక్కవు, బుల్లెట్లు పెట్టెలో ఎన్నేళ్లున్నా, ఎంత ఎండలో ఉన్నా చెక్కుచెదరవు. ఒక పౌండు పొడి కొన్ని వేల బుల్లెట్లకు వస్తుంది. రెండవది, మెత్తని సీసంతోనే మంచి వేగం. పూర్వం కారు చక్రాలకు బిగించే సీసపు తూకపు ముక్కలు ఈ పనికి బంగారంలాంటివి. ఇప్పుడు కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు వాటిని నిషేధించాయి, మిగిలినచోట్ల కూడా బకెట్లలో జింకు, ఇనుము ముక్కలే ఎక్కువ కనిపిస్తున్నాయి. దొరికేదల్లా పైకప్పుల నుంచి, పాత గొట్టాల నుంచి వచ్చిన మెత్తని సీసం. గ్రీజుతో మాగ్నమ్ వేగాలకు ఆంటిమనీ ఎక్కువున్న గట్టి మిశ్రమం కోసం వెతుక్కోవలసి వచ్చేది. పౌడర్ కోటింగ్ ఆ అవసరాన్ని బాగా తగ్గించింది. రైఫిల్ వేగాలకు మాత్రం పూతతోపాటు బుల్లెట్ అడుగుకు తొడిగే చిన్న రాగి టోపీ (గ్యాస్ చెక్) కూడా వేసుకోవడమే క్షేమం.

మూడవ లాభంగా చెప్పేది ఆరోగ్యం. దీన్ని జాగ్రత్తగా విడమరచాలి. పూత వేసిన బుల్లెట్‌ను పట్టుకుంటే చేతికి సీసం అంటదు, కాల్చేటప్పుడు బుల్లెట్ నుంచి గాలిలోకి చేరే సీసం కూడా తగ్గుతుంది. కానీ చాలా ప్రైమర్లలో సీసపు సమ్మేళనమే ఉంటుంది కాబట్టి రేంజిలోని పొగ హానిలేనిదైపోదు. పైగా అసలు ప్రమాదం పూతకు ముందు దశలో, సీసం కరిగించే మూస దగ్గర ఉంటుంది. పోతపోసే వేడిలో సీసపు ఆవిరి స్వల్పమే. కరిగిన సీసం పైన తేలి, గీకి తీసిన బూడిదరంగు తెట్టు, అది ఎండి రేగే ధూళి, కడగని చేతులు, వీటివల్లనే శరీరంలోకి చేరుతుంది. ఆ తెట్టును మూత ఉన్న డబ్బాలోనే వేయాలి, నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ చెప్పులతో ఇంట్లోకి రాకూడదు. చిన్నపిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు మించితే పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో నిర్ణయించింది. అది ఎంత తక్కువ మోతాదో ఆలోచిస్తే, పిల్లలున్న ఇంట్లో ఈ పనిని గరాజు దాటనివ్వకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఏటా రక్తపరీక్షలో సీసం కూడా చూడమని డాక్టరును అడగండి, నేను అడుగుతాను. మరొక మాట: కరిగిన సీసంలో ఒక్క చెమట చుక్క పడినా అది క్షణంలో ఆవిరై మూసలోని లోహాన్ని పైకి చిమ్ముతుంది. ముఖానికి కవచం, నూలు దుస్తులు, మోచేతుల దాకా తోలు తొడుగులు లేకుండా మూస దగ్గర నిలబడవద్దు.

పౌడర్ కోటింగ్ పనికిరాని చోటు కూడా ఉంది. 1873 నాటి .45-70 వంటి పాతకాలపు రైఫిళ్లలో నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడేవారికి గ్రీజే కావాలి. నల్ల తుపాకిమందు కాలాక మిగిలే మసి గట్టిపడి బ్యారెల్‌ను పూడ్చేస్తుంది. దాన్ని మెత్తగా ఉంచేది బుల్లెట్ గాడిలోని తేనెమైనం, కొవ్వే. పౌడర్ కోటింగ్ సీసాన్ని కాపాడుతుంది గానీ మసిని మెత్తబరచదు. వేటగాళ్లకు కూడా ఒక మాట: కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు మందుగుండు పూర్తిగా నిషిద్ధం, ఎంత మందంగా పూత వేసినా లోపలున్నది సీసమే.

కాబట్టి వారాంతంలో రేంజికి వెళ్లి 9 మి.మీ., .38, .45 కాల్చేవారు పౌడర్ కోటింగ్‌నే ఎంచుకోవచ్చు. నిలబెట్టే ఓపిక లేక, పరిమాణం పెద్దదై, గాలి ఆడే చోటు ఉన్నవారు హై-టెక్‌కు వెళ్లవచ్చు. వంద బుల్లెట్ల ప్రయోగానికి ఆలాక్స్ చాలు. గ్లాక్ పిస్టళ్లలోని, లోపలి గాడులు పదునైన అంచులు లేకుండా బహుభుజి ఆకారంలో ఉన్న బ్యారెల్‌లో వట్టి సీసం కాల్చవద్దని తయారీదారే చెబుతున్నారు, అందువల్ల ఆ పిస్టళ్లున్నవారు గ్రీజు, ఆలాక్స్‌లను పక్కన పెట్టాలి. పూత వేసినవాటితో కూడా బ్యారెల్‌ను తరచుగా పరిశీలిస్తూ ఉండాలి.

ఏది ఎంచుకున్నా మొదటిసారి పదిహేను ఇరవై తూటాలకు మించి కాల్చకుండా ఆపండి. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ విడదీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి లోపలికి చూడండి. గాడుల అంచుల వెంట బూడిదరంగు మెరుపు చాంబర్ వైపు కనబడితే బుల్లెట్ సన్నగా ఉందని అర్థం, సైజింగ్ డై మార్చుకోవాలి. అదే మెరుపు మూతి వైపు చివర కనబడితే గ్రీజు దారి మధ్యలోనే అయిపోయిందని అర్థం. చారలు సీసానివి కాకుండా పూత రంగులోనే ఉంటే ఆ పొడి సరిగా ఉడకలేదు, లేదా తూటా నింపేటప్పుడు కేసు నోరు చాలినంత విప్పకపోవడం వల్ల అంచు పూతను గీకేసింది. సుత్తితో బుల్లెట్ ఊడదీసే పరికరంతో ఒక తూటాను విప్పి, బుల్లెట్ నడుము చుట్టూ వేలిగోరు నడిపి చూస్తే ఆ గీత తగులుతుంది.